ఎలుక ఇంట్ల పిల్లలు పెడితే: ముందు గూడు, తర్వాత దారి, ఆఖరుకే బోను

మాది వరంగల్ కొత్తవాడ. ఇల్లు పాతది. ముందటి రెండు అర్రలు పెంకలు, వెనుక వంటింటి మీద స్లాబు. ముందటి అర్రల గుంట మగ్గం ఉన్నది. దరీలు నేసే ఇంట్ల నూలు ఎప్పుడూ ఉంటది, నూలు ఉన్నకాడ ఎలుకకు పరుపు పరిచి పెట్టినట్టే. తిండి పక్కింట్ల దొరికినా సరే, మెత్తటి చోటు మన ఇంట్ల కనిపిస్తే పిల్లలు పెట్టడానికి ఇక్కడికే వస్తది. ఈ సంగతి నాకు ఆలస్యంగ తెలిసింది.

2023 జూలై ఆఖరు వానలు మీకు యాదికుండే ఉంటయి. మా ఊర్ల చాలా కాలనీలు మునిగినయి. మా గల్లీల మోరి పొంగింది. ఇంట్లకు నీళ్లు రాలేదు గని, పొక్కలు మునిగిన ఎలుకలు వచ్చినయి. వారం రోజులకు అటుక మీద రాత్రిపూట గీకుతున్న సప్పుడు మొదలైంది. నేను దుకాణానికి పోయి ఎలుకల మందు బిళ్లలు తెచ్చి అటుక మీద నాలుగు మూలలకు పెట్టిన. నాలుగైదు రోజులకు సప్పుడు ఆగింది, వాసన మొదలైంది. పెంకల కింద ఏ సందుల చచ్చిందో ఎంత ఎతికినా దొరకలే. పన్నెండు రోజులు ఆ అర్రల కూసోలేకపోయినం. మగ్గం ఆగింది.

ఆ తర్వాత దసరా పనికని నూలు కట్టలు విప్పితే, అడుగు కట్ట నడుమ గుప్పెడంత గుంత కనిపించింది. దారాన్ని కొరికి, పీకి, దూది లెక్క చేసి, దాంట్ల మా మనుమరాలి పాత ఊలు టోపీ పోగులు, పేపరు చీలికలు కలిపి గిన్నె లెక్క అల్లింది. ఆ గిన్నెల ఆరు పిల్లలు, వెంట్రుకలు రానివి, కండ్లు తెరవనివి, చిటికెన వేలు కణుపంత, ఎండిపోయి ఉన్నయి. తల్లి మందు తిని చచ్చింది, ఇవి ఆకలికి చచ్చినయి. నూలు పోయిన బాధ వారంల పోయింది. ఆ గిన్నె మాత్రం ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. ఆనాటి సంది మా ఇంట్ల మందు పెట్టలేదు. మరుసటి ఏడు మళ్లీ వచ్చినప్పుడు వేరే వరుసల చేసిన, ఆ వరుసనే ఇక్కడ రాస్తున్న.

వచ్చింది ఏదో తేల్చుకోండి

పొద్దున లేవంగనే టార్చిలైటు పట్టుకొని గోడ అంచులు, బియ్యం డ్రమ్ము వెనుక, పొయ్యి గట్టు కింద చూడండి. పెంటికలు చూస్తే తెలిసిపోతది. బియ్యం గింజంత, చివర్లు మొనదేలి ఉంటే చిట్టెలుక. అర అంగుళం పొడుగు, కండె లెక్క నడుమ లావుగ ఉంటే ఇంటెలుక. కొత్తవైతే నల్లగ, మెరుస్తా, పుల్లతోని నొక్కితే మెత్తగ ఉంటయి. పాతవైతే తెల్లబారి పొడి పొడి అయితయి. పాతవి మాత్రమే ఉంటే ఎలుక ఎప్పుడో పోయి ఉంటది, ఊరికె బోను పెట్టుకొని కూసోవద్దు.

గోడ పక్కన, మోరి ఒడ్డున మట్టి కుప్పలు పోసి పెద్ద పొక్క చేస్తే అది పందికొక్కు. ఇంగ్లిషువాళ్లు దానికి పెట్టుకున్న బాండికూట్ అనే పేరు మన పందికొక్కు నుంచే పోయింది. ఇది అటుక ఎక్కదు, పునాది కింద తవ్వుతది. బండలు కుంగినయంటే దీన్ని అనుమానించాలె.

ఇంకోటి చుంచు. మూతి పొడుగ్గ ఉంటది, గోడ వెంబడి కిచకిచమంటా ఉరుకుతది, పోయినదాక కంపు కొడుతది. చూస్తానికి ఎలుక లెక్కనే ఉన్నా ఎలుక జాతి కాదు. బొద్దింకలు, పురుగులు తింటది, నూలు జోలికి రాదు. దాని కోసం బోను పెట్టకండి, దారులు మూస్తే అదే బయట ఉంటది.

ముగ్గు పోసి దారి పట్టుడు

నాకు అన్నిటికంటె పనికొచ్చింది ముగ్గు. రాతి ముగ్గు వాడండి. బియ్యప్పిండి పోస్తే తినిపోతయి. రాత్రి పది దాటినంక, ఇంట్ల అందరు పండుకున్నంక, జల్లెడతోని పలుచగ, జానెడు వెడల్పుల మోరి ముందట, దర్వాజ కింద, సిలిండరు వెనుక, అటుకకు పోయే నిచ్చెన కాడ జల్లాలె. దట్టంగ పోస్తే అడుగు పడదు.

తెల్లారి లైటు వంకరగ పట్టి చూస్తే చిన్న చిన్న అడుగులు, వాటి నడుమ తోక గీసిన గీత కనిపిస్తయి. మా ఇంట్ల అడుగులు గిన్నెలు తోమే కాడి మోరి నుంచి మొదలైనయి, గోడ అంచు పట్టుకొని సిలిండరు వెనుకకు పోయినయి, అక్కడ ఆగిపోయినయి. తలెత్తి చూస్తే కరెంటు వైరు పైపు మీద నల్లటి జిడ్డు మరక. ఎలుక రోజూ ఒకటే దారిల గోడకు ఒరుసుకుంటా పోతది, దాని ఒంటి జిడ్డు అంటుకుంటది. ఆ మరకనే పట్టుకొని పోతే అటుక వచ్చింది.

పొక్క కనిపించింది గని అది నడుస్తున్నదో లేదో తెలువకపోతే పేపరు ఉండ చేసి వదులుగ కుక్కండి. తెల్లారి ఉండ బయట పడి ఉంటే ఆ పొక్కల ఎలుక ఉన్నట్టు. రెండు మూడు రోజులు కదలకపోతే పాత పొక్క.

గూడు

చిట్టెలుక గూడు తిండికి ఎక్కువ దూరం ఉండదు, మామూలుగ పది మీటర్ల లోపలనే ఉంటది. వెచ్చగ, చీకటిగ, మనిషి చెయ్యి పడని చోటు చూసుకుంటది. ఫ్రిజ్ వెనుక కింద మోటారు కాడ, దివాను పెట్టెల, సోఫా అడుగు బట్టల, కుట్టు మిషను కింద, చలికాలం దాక విప్పని దుప్పట్ల మూటల చూడండి. ఇంటెలుక పైన ఉంటది: అటుక మీది గుండిగల నడుమ, పెంకలకు దంతెలకు నడుమ, ఫాల్స్ సీలింగు లోపల. చీలికలైన బట్ట, పేపరు, దూది కుప్పలు కనిపించినా, ఉచ్చ వాసన ముక్కు పట్టేసినా దగ్గరికొచ్చినట్టే. రాత్రి అన్ని ఫ్యాన్లు బంద్ పెట్టి పెట్టెకు చెవి ఆనిస్తే పిల్లల సన్నటి సప్పుడు వినిపిస్తది.

గూడు దొరికిందని ఆత్రంగ కదిలించొద్దు. కదిలిస్తే తల్లి ఆ రాత్రికే ఒక్కొక్క పిల్లను నోట కరుచుకొని వేరే మూలకు మారుస్తది, మళ్లీ ముగ్గు కాడి నుంచి మొదలు పెట్టాలె. మెల్లగ మూసి, ఎక్కడిదక్కడ పెట్టి, ఆ పగలే మిగతా పనులు చేసుకోవాలె.

అట్లని వాయిదా వెయ్యొద్దు. ఎలుక కడుపు మోసేది మూడు వారాలే. ఈతకు ఐదు నుంచి ఎనిమిది పిల్లలు. రెండు వారాలకు కండ్లు తెరుస్తయి, నెల లోపల సొంతంగ తింటయి, రెండు నెలలకు అవీ ఈనేటట్టు అయితయి. తల్లి ఈనిన ఒకటి రెండు రోజులకే మళ్లీ కడుపు తెచ్చుకోగలదు. దసరాకు ఒక గూడు వదిలేస్తే సంక్రాంతికి ఎన్నో మీరే లెక్కేసుకోండి.

దారులు మూసుడు

అసలు పని ఇది. దీనికి ఒక రోజు పూర్తిగ పెట్టుకోండి. పెన్సిలు దూరేంత సందు ఉంటే చిట్టెలుక పడుతది, బొటనవేలు పట్టే బొక్కైతే ఇంటెలుక పడుతది. అందుకని నేను ఒక పెన్సిలు చేతుల పట్టుకొని ఇల్లంత తిరిగిన. పెన్సిలు పట్టిన ప్రతి చోట సుద్దతోని గుండ్రం గీసిన. పదిహేడు గుండ్రాలు తేలినయి. సింకు పైపు గోడల నుంచి పోయే చోటు, కూలరు వైరు కోసం కొట్టిన బొక్క, దర్వాజ గడపకు తలుపుకు నడుమ, దంతెల సందులు. ఆ ఇంట్ల ముప్పై ఏండ్లు ఉన్న, సగం సందులు ఎన్నడు చూడలేదు.

మేస్త్రిని పిలిపిస్తే వట్టి సిమెంటు పూసి పోతనన్నడు. దగ్గర నిలబడి చేయించిన. పచ్చి సిమెంటును ఎలుక రాత్రికి రాత్రి గీకేస్తది. అందుకని ముందు ఇనుప జాలి ముక్కను నలిపి బొక్కల గట్టిగ కూరాలె, దాని మీద ఒకటికి మూడు ఇసుక పాలు కలిపి, పగిలిన గాజు పెంకులు నలగ్గొట్టి కలిపి పూయాలె. మా అత్తమ్మ పాత గాజుల ముక్కలు ఒక డబ్బాల దాచి పెట్టేది, అవి ఇట్ల పనికొచ్చినయి. చేతులకు మందం తొడుగు వేసుకోండి, పిల్లలు తాకే ఎత్తుల గాజు వద్దు, అక్కడ జాలీ సిమెంటు చాలు. థర్మకోలు, నురగ, ప్లాస్టిక్కు ముక్క కుక్కితే కొరికి పడేస్తయి. ఎలుక పండ్లు బతికినన్ని రోజులు పెరుగుతనే ఉంటయి, కొరుకుడు దానికి ఆగని పని.

దంతెల సందులకు, గాలి కిటికీలకు కాలు అంగుళం గళ్ల జీఐ జాలి, అంటే జింకు పూత పూసిన ఇనుప జాలి, కొట్టించండి. దోమల జాలి దానికి ఒక్క కొరుకు. తలుపు కింద రేకు పట్టి కొట్టిస్తే సందు పోతది. మోరికి స్టీలు జాలి మూత స్క్రూలతోని బిగించాలె, ఊరికె పెడితే పందికొక్కు మూతితోని లేపుతది. ఇంటి మీదికి వంగిన జామకొమ్మనో, వేపకొమ్మనో గోడకు మీటరు దూరం దాక కొట్టెయ్యండి, ఇంటెలుక కొమ్మ మీంచి దుంకుతది.

ఇదే రోజు తిండి కూడ మూసెయ్యాలె. బియ్యం, పప్పులు, పల్లీలు గోనెసంచిల నుంచి మూత బిగుసుకునే డబ్బాలల్లకు మారాలె. అయితే ఒకటి చెప్తున్న, చిట్టెలుకకు రోజుకు మూడు గ్రాముల తిండి చాలు, పస్తు పెట్టి వెళ్లగొట్టుడు మన వల్ల కాదు. తిండి దొరకకపోతే బోనుల ఎర మీదికి వస్తది, మనకు కావలసింది అంతే. దేవుని అర్ర మరిచిపోవద్దు. కొబ్బరి ముక్కలు, ప్రసాదం, నూనెల నానిన వత్తులు ఎలుకకు ఇష్టం. వెలుగుతున్న వత్తిని కూడ గుంజుకొని పోతది, నూలు ఉన్న ఇంట్ల అది ఎంత ప్రమాదమో చెప్పే పని లేదు. మేము రాత్రి పండుకునేటప్పుడు దీపం కొండెక్కించి, కుందిని ఇత్తడి బుట్ట కింద బోర్లిస్తున్నం.

బోను

చిట్టెలుకకు కొత్త వస్తువంటే ఆత్రం, పెట్టిన మొదటి రాత్రే వచ్చి చూస్తది. ఇంటెలుక అట్ల కాదు, కొత్తది ఏది కనిపించినా రోజుల తరబడి దూరం తిరుగుతది. అందుకే దాని బోనును మూడు నాలుగు రాత్రులు తలుపు కట్టేసి ఊరికె తెరిచి పెట్టాలె, లోపల ఎర వేస్తా ఉండాలె. తినుడు అలవాటైనంక కట్టు విప్పితే ఆ రాత్రే పడుతది. చాలమంది మొదటి రాత్రే బిగించి, పడలేదని బోనును మూలకు పడేస్తరు.

బోను గోడకు ఆనించే పెట్టాలె, ముగ్గుల అడుగులు పడ్డ దారి మీదనే. నడి అర్రల పెడితే తెల్లారి అట్లనే ఉంటది. ఇంటెలుకకు కాల్చిన కొబ్బరి, ఎండు చేప, మిగిలిన మిర్చి బజ్జి పెట్టిన. చిట్టెలుకకు పల్లీలు దంచి బెల్లం కలిపిన చిన్న ఉండ. ఎరను దారంతోని కొక్కానికి కట్టండి, గుంజితేనే తలుపు పడుతది. చిట్టెలుకలకు స్ప్రింగు ఉచ్చులు రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున ఎక్కువ పెట్టాలె, అవి తిరిగే జాగ తక్కువ.

స్ప్రింగు ఉచ్చు చూస్తానికి కఠినంగ ఉంటది గని ప్రాణం వెంటనే పోతది, ఒక రాత్రంత నరకం ఉండదు. జిగురు అట్టలు మాత్రం కొనొద్దు. వాటి మీద ఎలుక గంటల తరబడి బతికి అరుస్తది, తొండలు, పిట్టలు కూడ అంటుకుంటయి. భారత జంతు సంక్షేమ మండలి కూడ వీటిని వాడొద్దనే చెప్పింది. బోనుల పడ్డదాన్ని నీళ్లల్ల ముంచొద్దు, పక్క గల్లీల వదిలి వాళ్ల నెత్తిన పెట్టొద్దు. బోనును తెల్లారంగనే చూడాలె, ఎండల మధ్యాహ్నం దాక ఉంచొద్దు.

రెండోసారి మా గూడు దివాను పెట్టెల దొరికింది. పెట్టె పక్కనే బోను పెట్టిన, ఐదో రాత్రి తల్లి పడ్డది. తెల్లారి గూడును చెదరకుండ చాటలకు ఎత్తుకొని, తల్లిని, పిల్లలను మా ఆయన బండి మీద ఊరి బయటికి, ఇండ్లు పొలాలు లేని గుట్ట పక్కకు తీసుకపోయి ఒక్కకాడనే వదిలిండు. కండ్లు తెరిచిన పిల్లలైతే ఇంత కష్టం లేదు, వారంల అవే తిండికి బయటికొచ్చి పడుతయి.

శుభ్రం చేసేటప్పుడు

ఎండిన పెంటికలను పొరకతోని ఊడ్చొద్దు, దుమ్ము ముక్కులకు పోతది. కిటికీలు తెరిచి అరగంట బయట ఉండండి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగు. లీటరు నీళ్లల్ల 30 గ్రాముల బ్లీచింగు పొడి కలిపి గూడు మీద, పెంటికల మీద తడిసేటట్టు చల్లి పది నిమిషాలు ఆగి, పాత బట్టతోని తుడిచి, బట్టతో సహా రెండు కవర్లల్ల కట్టి పారెయ్యండి. ఆ నీళ్లల్ల బాత్రూం కడిగే యాసిడ్ కలిపితే విష వాయువు వస్తది, కలపొద్దు. దుప్పట్లు వేడి నీళ్లల్ల ఉతకాలె. చచ్చిన ఎలుక మీది గోమార్లు దాన్ని వదిలి మన మీదికి ఎక్కుతయి కాబట్టి, చచ్చినదాన్ని ఎత్తే పని కూడ తొడుగు లేకుండ చెయ్యొద్దు.

ఎలుక ఉచ్చ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తది, కాళ్ల మీద పుండ్లు, పగుళ్లు ఉన్నోళ్లు వాన నీళ్లల్ల నడిస్తే ఎక్కువ భయం. జ్వరం, పిక్కలు పట్టేసే నొప్పి, కండ్లు ఎర్రబడుడు ఉంటే డాక్టరుకు ఇంట్ల ఎలుకలు తిరిగినయని మీరే చెప్పండి. ఆయన అడిగేదాక ఆగొద్దు.

మందు పెట్టాలనుకునేటోళ్లకు

నేను వద్దనే అంటున్న, అయినా పెట్టేటోళ్లు ఉంటరు. బ్రోమాడయోలోన్ అనే మందు ఉండే బిళ్లలు తిన్న ఎలుక రోజుల తర్వాత రక్తం కారి చస్తది, ఎక్కడ చస్తదో మన చేతుల ఉండదు. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడ పోవచ్చు. ఈ బిళ్లల మందుకు విటమిన్ కె విరుగుడు ఉన్నది. పసుపు భాస్వరం ఉండే పేస్టుకు, జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు. పేస్టు తిన్న చిన్నపిల్లలు ఒకటి రెండు రోజులు బాగున్నట్టే కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తది. కాబట్టి ఇంట్ల చిన్నపిల్ల నోట్లె పెట్టుకున్నదని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండ, రేపు చూద్దామనకుండ, ఆ డబ్బానో పాకెటో చేతుల పట్టుకొని 108 పిలిచి దవాఖానకు పోవాలె. చిన్న పిల్లలున్న ఇంట్ల పేస్టు కొనుడే తప్పు, ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనైనా కొట్లాడుత.

గ్యాసు రబ్బరు పైపును కూడ దారులు మూసే రోజే చూసుకోండి. పండ్ల గాట్లు కనిపిస్తే రెగ్యులేటరు బంద్ పెట్టి, లోపల ఉక్కు తీగ అల్లిన సురక్ష పైపు వేయించుకోండి. గాట్లు లేకున్నా దాన్ని ఐదేండ్లకోసారి మార్చాలె. ఫ్రిజ్, వాషింగు మిషను వైర్లు ప్లగ్గు పీకినంకనే చేతితోని తడిమి చూడాలె.

ఇప్పుడు నూలును నేల మీద పెట్టుట్లేదు. గోడకు జానెడు ఎడంగ ఇనుప స్టాండు వేయించి దాని మీద పెడుతున్నం, వారానికోసారి కట్టలు అటిటు మారుస్తున్నం. నెలకోసారి అమాస రాత్రి మోరి ముందట, అటుక నిచ్చెన కాడ ముగ్గు జల్లుతున్న. ఈ వానాకాలం ఒక తెల్లారి మోరి దగ్గర అడుగులు పడ్డయి. వంగి చూస్తే జాలి మూత స్క్రూ ఒకటి తుప్పుపట్టి ఊడింది. ఆ పొద్దే స్టీలు స్క్రూ తెచ్చి బిగించిన. తర్వాత రెండు రాత్రులు ముగ్గు పోసిన, అది చెదరకుండ అట్లనే ఉన్నది.